మార్తమ్మగారు ముందే నడిచి చూసిన పెళ్ళిళ్ళు

కుప్పంలో ఒక కల్యాణ మండపం వెనక, వాన వెలిశాక షామియానాలు ఆరేస్తున్నారు. తడిసిన గుడ్డ వాసన, దానికంటుకున్న బంతిరేకుల వాసన, ఇంకా చల్లారని వంటపొయ్యిల పొగ. ఆ గాలి ముఖానికి తగలగానే చేతిలోని బిల్లులు మడిచి పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుండిపోయాను. పుంగనూరులో మేడమీది చిన్న ఆఫీసు, కిటికీ పక్కన అంచులేని తెల్లచీరలో మార్తమ్మగారు కళ్ళముందు నిలిచారు. పెళ్ళిళ్ళ లెక్క రాయడం నాకు నేర్పింది ఆమే.

మార్తమ్మగారు ఒక మిషన్ ఆసుపత్రిలో లెక్కలు చూసి రిటైరైన మనిషి. పెళ్ళిళ్ళూ వేడుకలూ జరిపించే మా సంస్థలో మళ్ళీ ఉద్యోగానికి చేరారు. నేను బీకాం ముగించి సోమల నుంచి కొత్తగా వచ్చినదాన్ని. మొదటి వారంలోనే ఒక ఎస్టిమేటు తయారుచేసి గర్వంగా ఆమె ముందు పెట్టాను. ఆమె అద్దాలు సర్దుకుని చదివి, కాగితం బోర్లించారు.

"ఇది పోయిన నెల పెండ్లి. పేరు మార్చినావంతే. కండ్లు మూసుకో భారతీ. మండపం గేటు కాడ నిలబడు. ఏం కనపడతాండాది?"

సిగ్గుపడుతూనే మూసుకున్నాను. "కారు దిగుతాండారమ్మా."

"ఎవరు?"

"పెండ్లికూతురి అవ్వ."

"ఆమె నడస్తుందా? మెట్లెన్ని ఉండాయి?"

నాకు తెలియదు. "రేపు పోయి ఎంచుకోని రా. చక్రాల కుర్చీ రాసుకో. ఇప్పుడు లోపలికి పద," అన్నారు.

ఆ తర్వాత ఎన్ని మధ్యాహ్నాలు అలా గడిచాయో చెప్పలేను. ప్రార్థన చేస్తున్నంత మెల్లగా ఆమె అడుగుతూ ఉంటే, ఇంకా జరగని పెళ్ళిళ్ళలో నేను తిరిగేదాన్ని. ఇంకా కొనని మల్లెపూలు వాసన వేసేవి. వెలగని దీపాల కింద ముఖం తెలియని చుట్టాలు పలకరించుకునేవారు. చేయి కడుక్కునే చోట నీళ్ళు చిందేవి, ఒక పిల్ల జారబోయేది, నేను కళ్ళు తెరవకుండానే 'జారకుండా కింద పరిచే పట్ట' అని రాసేదాన్ని. చివరి బంధువు తాంబూలం సంచీ పట్టుకుని గేటు దాటాక కళ్ళు తెరిస్తే, కాగితం నిండి ఉండేది, కిటికీలో ఎండ పచ్చబడి ఉండేది. ఖర్చు మనుషులు నడిచే దారిలో పుడుతుందని ఆమె నమ్మకం.

ఇంకో నమ్మకం కూడా ఉండేది. అడ్వాన్సులన్నీ వేరే ఖాతాలో వేయించేవారు. "అది మన దుడ్డు కాదమ్మా, మన కాడ దాపెట్టినోళ్ళది. పెండ్లి అయినంక మనది," అనేవారు. నాకది పాతకాలపు చాదస్తంలా అనిపించేది.

ఆ ఏడు మునెప్ప వచ్చాడు. రామకుప్పం దగ్గరి రైతు. కూతురి పెళ్ళి కుప్పంలో మండపం తీసుకుని చేయాలని అతని కోరిక. మార్తమ్మగారు అతన్ని కూడా కళ్ళు మూసుకోమన్నారు. అతను తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు మూసుకున్నాడు. "పాప నగతా ఉండాది. అంతే కనపడతాండాదమ్మా," అన్నాడు. అడ్వాన్సు కట్టి వెళ్ళాడు.

అంతలో మార్తమ్మగారికి కంటి ఆపరేషన్. సంతకం చేసిన చెక్కులు కొన్ని నా చేతికిచ్చి సెలవులో వెళ్ళారు. అదే వారం మదనపల్లెలో ఒక టమోటా వ్యాపారి కొడుకు పెళ్ళి జరిపించాం. మిగతా డబ్బు ఆయన ఇవ్వలేదు. వంటవాళ్ళు కూలి కోసం ఆఫీసులో కూర్చుని కదల్లేదు. వ్యాపారి డబ్బు నాలుగు రోజుల్లో వస్తుంది కదా అని, మునెప్ప కట్టిన అడ్వాన్సు తీసి వాళ్ళకిచ్చేశాను. నాలుగు రోజులు పోయి పదయ్యాయి. డబ్బు రాలేదు.

మునెప్ప వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"చేన్లో ఏనుగులు పడినాయమ్మా. రాగి పోయింది, టమోటా పోయింది. మండపం వద్దు, ఇంటి ముందరే చేసుకుంటాం. ఇచ్చిందాంట్లో ఎంత తిరిగొస్తే అంత ఈండి. బియ్యానికీ బట్టలకూ ఇంక అదే దిక్కు."

పెళ్ళి పన్నెండు రోజుల్లో ఉంది. "రెండు దినాలాగండి," అన్నాను. సరేనని తల ఊపి మెట్లు దిగిపోయాడు. అనుమానపడి ఒక్క మాట అడిగి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

నేరుగా మార్తమ్మగారి ఇంటికి వెళ్ళాను. నల్లద్దాలు పెట్టుకుని వరండాలో ఉన్నారు. అంతా చెప్పాను.

"యాల చేసినావు?"

"నాలుగు దినాల్లో వస్తుందనుకున్నానమ్మా."

"అనుకున్నేది లెక్కబుక్కులో ఏ గడిలో రాసినావు?"

లోపలికి వెళ్ళి చెప్పులేసుకొచ్చారు. "పద, మదనపల్లెకు."

ఆ వ్యాపారి మండీలో టమోటా బాక్సుల మధ్య మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. కలకడ నుంచి వచ్చిన లారీ దింపుతున్నారు. ఆయన వచ్చి, "వచ్చే వారం సూద్దాం లేమ్మా," అన్నాడు. మార్తమ్మగారు గొంతు పెంచలేదు.

"మీ ఇంటి పెండ్లిలో అందురూ బాగా తినిరి గదప్పా. ఆ అన్నం ఇంకొకరి పాప పెండ్లి దుడ్డుతో వండింది. అది మీకు తెల్దు. తెలియాలని చెప్తాండాను."

ఆయన లారీ వైపు తిరిగి గుమాస్తాను పిలిచాడు. రావలసినదంతా రాలేదు, ముప్పాతిక వచ్చింది. తక్కువైనది నా జీతంలో కోయించమన్నాను. "సగం నాది. ఖాళీ చెక్కుల మింద సంతకం ఎవరిది?" అన్నారామె.

మర్నాడు ఇద్దరం రామకుప్పం వైపు వెళ్ళాం. మునెప్ప చేనులో ఏనుగుల అడుగులు పళ్ళేలంత ఉన్నాయి, వాటి నిండా వాననీళ్ళు, నీళ్ళలో మబ్బులు. ఆ గుంటల మధ్య ఒరిగిపోయిన రాగి పైరును చూస్తూ నడుస్తుంటే నిద్రలో ఎక్కడికో వెళ్తున్నట్టు ఉంది. మునెప్ప డబ్బు లెక్కపెట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఇక లేచి వచ్చేయవచ్చు. కానీ మార్తమ్మగారు లేవలేదు.

"అప్పా, మొన్న నువ్వు అడిగినప్పుడు ఈ దుడ్డు మా కాడ లేదు. మేమిద్దరం వేరేవాళ్ళ పెండ్లికి వాడేసినాం. తప్పయింది."

నేను తలెత్తలేకపోయాను. అయినా, "వాడింది నేనండీ," అన్నాను. మునెప్ప మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశాడు. "సంగటి తినిపోండి," అన్నాడు. పెళ్ళికి మేం షామియానా అద్దె లేకుండా పంపాం. ఇంటి ముందర బాగానే జరిగింది.

తిరుగు బస్సులో అడిగాను. "డబ్బు ముట్టింది కదమ్మా, యాల చెప్పినారు?"

"దుడ్డు ఇచ్చినాం. నిజం ఇయ్యకపోతే అది బాకీ ఉంటాది గదా," అని కిటికీకి తలానించి కళ్ళు మూసుకున్నారు.

మార్తమ్మగారు పోయి ఏడాది దాటింది. నేనిప్పుడు మదనపల్లెలో సొంతంగా ఈ పనే చేస్తున్నాను. లెక్కలో పొరపాటు జరిగితే, సర్దేసిన తర్వాత కూడా, ఫోన్ చేసి చెబుతాను. అలా చెప్పడం ఇప్పటికీ అలవాటు కాలేదు. మొన్న ఒకాయనకు పూల లెక్క రెండుసార్లు పడిందని, సరిచేశానని చెప్పాను. ఆయన కోప్పడి పని వేరేవాళ్ళకు ఇచ్చేశాడు. మంచి బేరం పోయింది. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తుంటే మాత్రం ఒళ్ళు తేలికగా ఉంది.