మా డ్రైవర్ బరువు

ఆ అమ్మాయి కాంటా ఎక్కే ముందు చెప్పులు విప్పేది, గాజులు తీసేది, చివరికి జడకున్న క్లిప్పు కూడా తీసి నా చేతిలో పెట్టేది.

రుద్రారంలో చదువుకునే రోజుల్లో, ఒక్క లీటరు పెట్రోలుతో వీలైనంత దూరం వెళ్లే బండిని పోటీ కోసం తయారుచేశాం. టీముకు నేనే పెద్ద. అందరికన్నా తేలిగ్గా ఉందని, జూనియరైన ఆమెను డ్రైవర్‌గా ఎంచుకున్నాను. పటాన్‌చెరులో పాత ఇనుము కొనే దుకాణంలో, బండి ఫ్రేమును తూచిన కాంటా మీదే ప్రతి శనివారం ఆమెనూ తూచేవాణ్ణి.

"ఎంతున్న అన్నా?" అని అడిగేది.

"ఇంక జెర తగ్గాలె."

"తగ్గుత అన్నా," అని నవ్వేది.

హాస్టల్లో రాత్రి అన్నం మానేసిందని నాకు తెలుసు. ఒకరోజు వర్క్‌షాపులో కళ్లు తిరిగి కూలబడితే మజ్జిగ ఇచ్చాను. సగం తాగగానే గ్లాసు వెనక్కి తీసుకున్నాను.

పోటీ రోజు తనిఖీలో, డ్రైవర్‌కు ఉండాల్సిన కనీస బరువు కన్నా ఆమె తక్కువ తూగింది. నిబంధనల పుస్తకం నెలల తరబడి నా దగ్గరే ఉంది. ఇంజిన్ పేజీలు తప్ప నేనేమీ చదవలేదు. తగ్గిన బరువుకు సరిపడా ఇసుక సంచిని సీటు కింద కట్టమన్నారు.

కట్టబోతుంటే ఆమె ఆ సంచిని ఒళ్లోకి తీసుకుంది.

"గింత బువ్వ నేను తినొచ్చుండె గద అన్నా," అంది.

గొంతులో కోపం లేదు. సంచి నాకిచ్చి, అలవాటుగా జడ క్లిప్పు తీసి నా చేతిలో పెట్టి, బండిలోకి దూరింది.