అత్త చేతి జోలికి రావొద్దన్నాడు

మా మామ పోయాడు. ఆ సాయంత్రం నేను ఆఫీసు ముగించుకుని వనపర్తి బస్టాండులో నాగర్‌కర్నూల్ బస్సు కోసం నిలబడి ఉండగా అత్త ఫోన్ చేసింది. "బిడ్డా, మీ మామ లేస్తలేడు. తిని పండుకున్నడు, చాయ్‌కి లేపితె లేస్తలేడు" అంది. దవాఖానకు తీసుకుపోయేసరికే అంతా అయిపోయిందన్నారు.

కానిస్టేబుల్‌గా చేరి, గద్వాల, బల్మూరు, పెబ్బేరు తిరిగి, హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన మనిషి. మా వీధిలో అందరికీ జమేదార్ సాబ్. చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఒకటే మాట: "పోలీసోడే గానీ మనిషి మంచోడు." నాకు ఒళ్లు మండింది. చనిపోయినవాణ్ని మెచ్చుకోవడానికి కూడా ముందొక చురక పెట్టాలా? అయినా వాళ్లనే తప్పుపట్టి ఏం లాభం! ఖాకీ బట్టలు జనాన్ని పెట్టిన బాధ తక్కువేం కాదు. ఆ సంగతి మామే అనేవాడు.

ఇంటికి రాగానే టోపీ తీసి గుమ్మం పక్కన మేకుకు తగిలించి, కాళ్లూ చేతులూ కడుక్కున్నాకే మాట్లాడేవాడట. ఠాణా మాట ఠాణాలోనే. రిటైరయ్యాక పొద్దున్నే అరుగు మీద పాలిష్ డబ్బా పెట్టుకుని ఇంట్లో అందరి బూట్లూ, చెప్పులూ మెరిపించేవాడు. నావి కూడా. "కోడలి చెప్పులు ముట్టుకుంటవా మామా!" అని నేను లాక్కోబోతే, "ఎస్సైల బూట్లు తుడిస్తి, సీఐల బూట్లు తుడిస్తి. నా కోడలి చెప్పులకేమైంది?" అని గద్దించేవాడు. నా నోటిదురుసు చూసి పుట్టింటివాళ్లే భయపడేవాళ్లు. మామ మాత్రం నవ్వేవాడు. "కోపం నోట్లుంటె ఏం గాదు. చేతుల ఉండొద్దు" అనేవాడు. ముప్పొద్దులా లాఠీ పట్టుకున్న మనిషి చెప్పిన మాట అది.

పెబ్బేరులో ఉన్నప్పుడు పశువుల సంత రోజు ఆయనకు అక్కడే డ్యూటీ. ఎద్దుల బేరాల తగవులు, తప్పిపోయిన దూడలు, తాగి పడిపోయినవాళ్లు. పొద్దుగూకేదాకా దుమ్ములో నిలబడి, వచ్చేటప్పుడు అత్తకు గాజులు తెచ్చేవాడు. తేవడమే కాదు, సంతలో గాజులమ్మే ఆమె పక్కన కూర్చుని తొడగడం కూడా నేర్చుకున్నాడట. అత్తది కలుపు తీసిన చెయ్యి, గట్టిది. సబ్బు నీళ్లు రాసి, బొటనవేలు లోపలికి మడిచి, ఒక్కో గాజూ తిప్పుతూ ఎక్కించేవాడు. నేను కాపురానికి వచ్చాక కూడా ఆ పని అరుగు మీద, అందరూ చూస్తుండగానే చేసేవాడు. ఎదురింటాయన ఊరుకుంటాడా?

"జమేదార్ సాబ్, బేడీలేస్తున్నవా, గాజులేస్తున్నవా?"

"బేడీలు శానమందికేసిన. గాజులు ఒక్కామెకే. జర పని జేసుకోనియ్యవయ్య."

అత్త సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకునేది కాదు.

ఈ ముద్దు వెనుక ఒక మంట ఉంది. మామకు ఒక్కతే చెల్లెలు, బల్మూరు చిన్నమ్మ. ఆమె భర్త వలస పోయిన చోట, కాలువ పనిలో మట్టిపెళ్ల విరిగిపడి పోయాడు. పదో రోజున మామకు గద్వాలలో బందోబస్తు. సెలవు దొరికి వచ్చేసరికి చెయ్యాల్సిందంతా చేసేశారు. రాయితో కొట్టి గాజులు పగలగొట్టారు. మణికట్టు తెగి నెత్తురు కారుతుంటే ఆడవాళ్లు "ఇది అందరికీ అయ్యేదే" అంటున్నారట. మామ తన రుమాలుతో కట్టు కట్టి "ఎవరు కొట్టిండ్రు?" అని అరిచాడు. "ఆచారం సారూ" అన్నారు. అంత మందిలో కొట్టిన మనిషి మాత్రం ఎవరూ లేరు!

తర్వాత సంత నుంచి ఆమెకూ గాజులు తెచ్చాడు. "వద్దన్నా, లోకం ఏమంటది" అని ఆమె చేతులు కొంగులో దాచుకుంది. ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా మామ చివరికి ఇదే అడిగేవాడు. "దొంగోణ్ణయితె దొరకవట్టేటోణ్ణి కోడలా. గీ లోకమనేటోణ్ణి ఏడవట్టాలె?"

ఒకనాడు అన్నం ముందు కూర్చుని, కొడుకులిద్దరూ వింటుండగా నాతో అన్నాడు. "నేను బోతె మీ అత్త చేతి జోలికి ఎవరూ రావొద్దు. గీ పని నీది."

"కొడుకులుండంగ నాకెందుకు మామా?"

"వాళ్లు పెద్దమనుషుల ముంగల తలొంచుతరు. నీకు కోపమెక్కువ. గా కోపం గా రోజు గావాలె నాకు."

అందరం నవ్వాం. మా ఆయన అందరికన్నా గట్టిగా నవ్వాడు.

పదో రోజు రానే వచ్చింది. వాకిట్లో అత్తను పీట మీద కూర్చోబెట్టారు. ఈ తంతు మీలో చాలామందికి తెలుసు. తల నిండా పూలు పెడతారు, ఇంత బొట్టు పెడతారు, చేతి నిండా పచ్చ గాజులు తొడుగుతారు. ఎందుకయ్యా అంటే, తీసెయ్యడానికి! ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన మనిషిని పెళ్లికూతురిని చేసి, నలుగురిలో ఒక్కొక్కటే ఊడబెరకడం ఎవరికి పుట్టిన బుద్ధి?

పచ్చ గాజుల పళ్లెం తెచ్చి పీట పక్కన పెట్టగానే నేను వెళ్లి అత్తకు అడ్డంగా నిలబడ్డాను. "మా అత్త చెయ్యి ముట్టొద్దు. మామ చెప్పిండు."

మామ పెదనాన్న కొడుకు, మా కులపెద్ద, చిరాకుపడ్డాడు. "పోయినోని మాట గాదు, ఉన్నోళ్ల మాట నడుస్తది. పక్కకు జరుగు పిల్లా."

"కొలువుల ఉన్నన్ని రోజులు ఏ పంచాయితీ వడ్డా జమేదార్ సాబ్ అనుకుంట ఎంటవడి తిరిగితిరి. అప్పుడు నడిచిన మాట ఇప్పుడెందుకు నడువది?"

మా ఆయన వైపు చూశాను. తల వంచుకున్నాడు. ఆయన మీద నాకు ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

అప్పుడు అత్త నోరు విప్పింది. "నా చేతికున్నయి ఆయన తొడిగినయి. నేను తియ్య. దినం బువ్వ తింటె తినుర్రి, పోతె పోర్రి."

చెయ్యి ఆమెది, ఆమే వద్దంటోంది కదా, వినాలా వద్దా? కులపెద్ద విననట్టే ఊరుకున్నాడు. భర్త పోయిన ఆడవాళ్లే ఈ పని చెయ్యాలి గనక, మూలన కూర్చున్న చిన్నమ్మను పిలిచాడు. "లేవమ్మా, ఆడబిడ్డవు. నువ్వు కానియ్యి."

చిన్నమ్మ లేచింది. ఊరందరితో కొట్లాడగలను, ఆమెను ఎట్లా నెట్టేది?

ఆమె పీట పక్కనున్న పచ్చ గాజుల పళ్లెం తీసుకుంది. అత్త దగ్గరికి పోలేదు. వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుని, బోసి చెయ్యి నా ముందుకు చాపింది. మణికట్టు మీద మచ్చ తెల్లగా కనిపిస్తోంది.

"మా అన్న తెస్తె వద్దంటి. నువ్వెయ్యి బిడ్డా."

ఇద్దరు ముగ్గురు లేచి తువ్వాళ్లు దులుపుకుని వెళ్లిపోయారు. పోతే పోనీ. నేను ఒక గాజు తీసి ఎక్కించబోయాను. ఏళ్ల తరబడి కూలి చేసిన చెయ్యి, కీళ్లు ముదిరిపోయాయి. గాజు మధ్యలోనే ఆగింది. కొంచెం తోసేసరికి ఆమె పెదవి బిగబట్టింది.

"నొప్పైతుంది చిన్నమ్మా, ఉండు" అని నేను చెయ్యి వదలబోయాను.

ఆమె కులపెద్ద ముఖంలోకే చూస్తూ అంది. "తొయ్యి. పలగ్గొట్టిననాడు అడిగిండ్రా నన్ను, నొప్పైతుందా అని?"