కారులో పాకం వాసన

2022 వేసవి. పామర్రు సెంటర్ దాటి గుడివాడ రోడ్డు ఎక్కాక కాస్త దూరంలో మా షెడ్డు. దివిసీమ నుంచి గుడివాడ వెళ్ళే బండ్లకి దారిలో ఏం తేడా చేసినా మా దగ్గరే ఆగుతాయి.

ఆ ఉదయం నాగాయలంక నుంచి ఒక పాత కారు వచ్చింది. నడుపుతున్నది నాగేశ్వరరావు గారు, ఎండు చేపల వ్యాపారి. పక్క సీట్లో ఆయన భార్య రమణమ్మ గారు. ఆవిడకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు గుడివాడలో డయాలసిస్. బస్సు కుదుపులకి ఆవిడ తట్టుకోలేకపోతుంటే ఆ సెకండ్ హ్యాండ్ కారు కొన్నారట.

“కూలెంట్ తాగేస్తోందండీ. ఎక్కడా చుక్క కారట్లేదు, పోసింది పోసినట్టే మాయం,” అన్నారాయన. కూలెంట్ అంటే ఇంజన్ వేడిని లాగి రేడియేటర్ దాకా మోసుకెళ్ళే రంగు ద్రవం. అది తగ్గితే బండి వేడెక్కి ఆగిపోతుంది. మొండిగా నడిపితే ఇంజనే పోతుంది. అప్పటికే ఇద్దరు మెకానిక్‌లు చూశారు. ఒకాయన రేడియేటర్ మూత మార్చాడు, ఇంకొకాయన హోస్ పైపులు మార్చాడు. మా వృత్తికి పట్టిన జబ్బిది. కారణం దొరక్కపోతే ఏదో ఒకటి మార్చి పంపేస్తాం. అలాంటి పని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంజన్ చల్లారాక ప్రెషర్ టెస్టర్ పెట్టాను. అదొక మీటరున్న చేతి పంపు. రేడియేటర్ మూతి దగ్గర బిగించి గాలి కొడితే, ఎక్కడన్నా లీకుంటే ముల్లు కిందికి జారుతుంది. జారింది. కానీ బండి కింద తడి లేదు. వాటర్ పంపు పొడిగా ఉంది. ఇంజన్ ఆయిల్లో నీళ్ళు కలిసిన జాడ లేదు. మరి ఎటు పోతున్నట్టు?

రమణమ్మ గారు బెంచీ మీద కూర్చున్నారు. మంచినీళ్ళు ఇవ్వబోతే వద్దన్నారు. ఆ జబ్బులో నీళ్ళకి కొలత ఉంటుంది. “దానికి బకెట్లు పోసినా చాలట్లేదు, నాకేమో గుక్క ఎక్కువైతే ఆయాసం,” అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

“టైముకి పంపించేస్తానక్కా, కంగారుపడకండి,” అన్నాను.

“నాకేం కంగారు తమ్ముడూ. ఈసారితో డయాలసిస్ మానేస్తానని మీ బావతో చెప్పేశాను.”

నాగేశ్వరరావు గారు మొహం పక్కకి తిప్పుకున్నారు. తర్వాత ఆయనే చెప్పారు. కొన్నాళ్ళుగా ఆవిడకి బెల్లం పాకం వాసన వస్తోందట, వికారంగా ఉంటోందట. “డాక్టరు గారు ముందే చెప్పారండీ, ఈ జబ్బులో రుచీ వాసనా తేడా చేస్తాయని. నాకైతే ఏ వాసనా లేదు.”

“మా అత్తకీ అంతే, పోయేముందు లేని వాసనలు వచ్చేవి,” అన్నారావిడ. “నాకూ దగ్గరపడింది. ఇంకా ఎందుకు ఆ సూదులు పొడిపించుకోవడం?” కూరగాయల ధర చెప్పినంత మామూలుగా అన్నారు.

టెస్టర్ పక్కన పెట్టి, “ఇంట్లో కూడా వస్తుందా అక్కా ఆ వాసన?” అన్నాను.

ఆవిడ ఆలోచించారు. “లేదు. కార్లోనే. ఏసీ వేస్తే మరీను.”

అప్పుడు తట్టింది. కూలెంట్‌ది తీపి వాసన. డాష్‌బోర్డు వెనకాల హీటర్ కోర్ అని చేతిలో పట్టేంత రేడియేటర్ ఒకటుంటుంది, చలికాలంలో లోపలికి వెచ్చటి గాలి ఇవ్వడానికి. ఆ బండిలో మనం హీటర్ వేసినా వేయకపోయినా కూలెంట్ అందులోంచి తిరుగుతూనే ఉంటుంది. మన ఉక్కపోతలో హీటర్ వేసుకునేవాడెవడు? అదొకటి ఉందనే ఎవరికీ గుర్తుండదు. అది కారితే కూలెంట్ కారు లోపలికే వస్తుంది, ఏసీ గాలీ ఆ పక్కనుంచే వీస్తుంది.

ఆవిడ కూర్చునే వైపు కాళ్ళ కింద కార్పెట్ లేపాను. తడి. “ఏసీ నీళ్ళండీ అవి,” అన్నారు నాగేశ్వరరావు గారు. తెల్లగుడ్డతో అద్ది చూస్తే లేత ఆకుపచ్చ. వేళ్ళకి జిడ్డు. గుడ్డ ఆయన చేతికిచ్చాను. “ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చండి.”

ఎండు చేపల మధ్య బతికిన ముక్కు, ఒక పట్టాన పట్టలేదు. మళ్ళీ మళ్ళీ పీల్చారు. “పాకమే,” అన్నారు చివరికి. “రమణా, పాకమేనే!”

ఆవిడ లేచొచ్చి గుడ్డ లాక్కున్నారు. వాసన చూసి, “అయితే ఉందన్నమాట,” అన్నారు. ఇంకోసారి అదే మాట అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. చావు గురించి చెప్పినప్పుడు తడవని కళ్ళు.

“ఆ ఆవిరి పీలిస్తే ఎవరికైనా తల తిరుగుతుందక్కా. వాసన బండిది, మీ ఒంట్లోది కాదు,” అన్నాను. ఆవిడ వికారంలో జబ్బు పాలెంతో కూలెంట్ పాలెంతో నేను చెప్పలేను, డాక్టర్ని కాను.

హీటర్ కోర్ మార్చాలంటే డాష్‌బోర్డంతా విప్పాలి. ఆ రోజు అంత వ్యవధి లేదు. ఇంజన్ నుంచి దానికి వెళ్ళే రెండు పైపులూ పీకి, ఒకదానికొకటి కలిపేశాను. దీన్ని బైపాస్ అంటాం. కూలెంట్ ఇక లోపలికి రాదు. కొత్తది నింపి, గాలి బుడగలు తీసి, మళ్ళీ టెస్టర్ పెడితే ముల్లు కదల్లేదు. కార్పెట్ పీకి డిక్కీలో వేశాను. తర్వాత ఒకరోజు బండి మా దగ్గరే ఉంచుకుని కోర్ మార్చాను.

ఆ రోజు పని ముగించి నేను చేతులు కడుక్కుంటుంటే కారు తలుపు పడిన చప్పుడైంది. రమణమ్మ గారు అప్పటికే సీట్లో ఉన్నారు. “రావయ్యా, ఆలస్యమైతే మన మంచం ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు,” అని మొగుడి మీద కేకేశారు.

ఆ తర్వాత రెండేళ్ళ దాకా ఆ దారిన వెళ్తూ చెయ్యూపేవారు. ఆవిడ చివరికి పోయింది జబ్బుతోనే. డ్రైవర్ చెప్పింది విని బండి విప్పడం మా గురువు నేర్పాడు. పక్క సీట్లో వాళ్ళనీ అడగాలని, వాళ్ళు చెప్పింది ఉందనుకునే వెతకాలని రమణమ్మ గారు నేర్పారు.

దినాలయ్యాక నాగేశ్వరరావు గారు సర్వీసింగ్‌కి వచ్చారు. పక్క సీటు ఖాళీ. “ఆ రోజు నుంచి తను ఏది ఉందన్నా లేదనలేదు మస్తాన్ గారూ,” అన్నారు. “ఆఖరి రోజుల్లో గుమ్మంలో ఎవరో నిలబడ్డారంది. ఎవరూ లేరని నాకు తెలుసు. అయినా లేచి వెళ్ళి చూసొచ్చానండీ.”