మధ్య పొరలో మాయమైన సెంటర్

డేటా లేక్‌హౌస్ అంటే ఏంటో చెప్పమని మా అమ్మ అడిగితే చెప్పలేక చచ్చాను. చివరికి మిరపకాయలతో చెప్పాను. కల్లూరులో మా ఇంట్లో మిరప కోత అయ్యాక కల్లంలో రాశి పోస్తారు. పుల్ల, ఆకు, మన్ను అన్నీ అందులోనే. తర్వాత ఆడవాళ్లు కూర్చుని తాలుకాయలు ఏరేస్తారు. మంచి కాయ బస్తాలకెక్కి ఖమ్మం మార్కెట్‌కు పోతుంది. నా పనీ అదే, కాయలకు బదులు లెక్కలు. వచ్చింది వచ్చినట్టు పోసుకునే పొర ఒకటి, ఏరి బాగుచేసే పొర ఒకటి, పెద్దసారు చూసుకునే పొర ఒకటి.

"ఇంత దానికే నడుము ఇరగ్గొట్టుకోవాల్నా?" అంది అమ్మ. ఆమెకేం, మిరపకాయలు ఏరిన రోజు సాయంత్రానికి పని అయిపోతుంది. నాది అవదు.

నేను పనిచేసేది అడవి సరుకు కొనే ఒక సంస్థలో. చింతపండు, తేనె, కుంకుడుకాయలు, చీపుళ్లు. అడవి పల్లెల్లో చిన్న చిన్న కొనుగోలు సెంటర్లు, ఖమ్మంలో మా ఆఫీసు, హైదరాబాదులో పెద్దసారు. ఒకప్పుడు ఒక్కో సెంటర్ ఒక్కో తీరుగా లెక్క పంపేది. ఒకరు ఎక్సెల్ ఫైలు, ఒకరు వాట్సాప్‌లో ఫొటో, ఒకరు ఫోన్లో నోటిమాట. ఆ గోల భరించలేక పెద్దసారు కన్సల్టెంట్లను పిలిపించాడు. వాళ్లొచ్చి ప్రతి సెంటర్‌కు ఒక ట్యాబ్, దానితో జతకట్టిన ఎలక్ట్రానిక్ కాంటా ఇచ్చారు. మూడు పొరలు కట్టారు. కంచు, వెండి, బంగారం అని ఘనంగా పేర్లు పెట్టారు. గ్రూప్ ఫొటో దిగి వెళ్లిపోయారు. అప్పట్నించి ఎక్కడ తెగినా అతికేది నేను. పొద్దున లేచేసరికి రాత్రి లెక్కల్ని పొర నుంచి పొరకు నడిపే ఏదో ఒక జాబ్ ఫెయిలై ఎర్రగా చూస్తుండేది. టీ చల్లారిపోయేది, నేను వేడెక్కేదాన్ని. ఇంట్లోవాళ్లు నాతో మాట్లాడాలంటే ముందు నా మొహం చూసి, సమయం కాదనుకుంటే వెనక్కి పోయేవాళ్లు.

అలాంటి ఒక పొద్దున పినపాక అవతలి అడవి పల్లె నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి సెంటర్ ఇన్‌చార్జి. ఆ పల్లె పిల్లే, డిగ్రీ చదివింది. వాళ్లింట్లో నెలజీతం తెచ్చిన మొదటి మనిషి.

"మేడం, మాకు గోనెసంచులు రాలే. లారీ ఎప్పుడొస్తదో చెప్తలేరు. ఏంది గిట్ల?"

"నేను రిపోర్టులు చూసేదాన్నమ్మా. సంచుల సారుకు చెయ్యి."

"చేసిన. కంప్యూటర్ల మీ సెంటరే లేదంటుండు. లేకుండ యాడికి పోతది మేడం? నేను అండ్లనే కూసోని మాట్లాడుతున్న."

నాకు నవ్వొచ్చింది, వెంటనే తలనొప్పి కూడా వచ్చింది. తెరిచి చూశాను. బంగారు పొరలో ఆ సెంటర్ లేదు. వెండి పొరలో లేదు. కంచులో మాత్రం పాత లెక్కలన్నీ భేషుగ్గా ఉన్నాయి. వెతగ్గా వెతగ్గా మధ్య పొరలో కన్సల్టెంట్లు రాసిపెట్టిన రూలు దొరికింది. వరుసగా కొన్నాళ్లు ఏ ఎంట్రీ రాకపోతే సెంటర్ మూతపడ్డట్టు లెక్క, తీసెయ్. సంచులు, లారీలు అన్నీ బంగారు పొర చూసే పంపుతారు. అందులో లేని ఊరికి ఎవరు పంపుతారు? మంచి కాయను తాలు కింద పారేశారు మహానుభావులు.

కానీ చింతపండు సీజన్లో ఎంట్రీ ఎందుకు లేదు? కోపమంతా ఆ పిల్ల మీద చూపించాను.

"సీజన్ పెట్టుకుని తూకం ఎందుకు వెయ్యట్లేదు? నిద్రపోతున్నావా?"

"కొత్తల పండుగ కాలే మేడం."

పండుగ కాలేదని రిపోర్టులో రాస్తే పెద్దసారు నన్ను పీక్కు తింటాడు. ఏదైనా కళ్లారా చూసొచ్చి చెబితేనే వింటాడు. తిట్టుకుంటూనే బస్సెక్కాను. కొత్తగూడెం దాటేదాకా నిలబడే ఉన్నాను. మణుగూరులో దిగి ఆటో మాట్లాడుకున్నాను. ఆ రోడ్డుకు నా నడుము సంగతి చెప్పక్కర్లేదు.

సెంటర్ అంటే రేకుల కప్పున్న ఒక గది. లోపల మూలన కాంటా, దాని మీద ఉతికిన తుండుగుడ్డ కప్పి ఉంది. ఆ పిల్ల నీళ్లిచ్చి, నేను చల్లబడ్డాక చెప్పింది. ఆ ఏటి తొలి చింతపండు ఊరి దేవతకు పెట్టేదాకా ఎవరూ కొత్త పండు తినరు, అమ్మరు, తూకం వెయ్యరు, కాంటా ముట్టరు. ఎప్పుడు పెట్టాలో ఏ ఊరి పెద్దలు ఆ ఊరి చెట్లను చూసుకుని చెబుతారు. ముందుగా తారీఖు ఉండదు. ఆ పల్లెలో అప్పటికింకా చెప్పలేదు. కాంటా ఆన్ చెయ్యకపోతే ట్యాబ్‌లో ఆ రోజు పేజీ తెరుచుకోదు. అందుకే ఎంట్రీ లేదు.

"ఏమీ పెట్టకుండా ఊరికే ఆన్ చేసి సున్నా కొట్టొచ్చుగా?" అన్నాను.

"ఈ ఊరి పిల్లను మేడం. నేనే తప్పితే రేపు నా కాంటా కాడికి ఎవరొస్తరు?" అంది. కాంటా మీది గుడ్డ సర్దుతూ, "ఈ సెంటర్ పోతే మా ఆడోళ్లు గంపలెత్తుకొని మణుగూరు దాకా పోవాలె. అంత దూరం మోయలేక దారిల షావుకారుకే పోస్తరు, ఆయన ఎంతంటే గంతే. గందుకే మీకు ఫోన్ మీద ఫోన్ చేస్తున్న" అంది.

తిరిగొచ్చి ఆ రూలు పీకేశాను. ఒక్క దారం లాగితే చీరంతా వచ్చినట్టు, దానికి ముడిపడ్డ రిపోర్టులన్నీ కదిలాయి. ట్యాబ్‌లో కాంటాతో పని లేకుండా నొక్కే కొత్త బటన్ పెట్టించాను, 'సెంటర్ తెరిచే ఉంది, తూకం ఆగింది' అని. మధ్య పొరలో దానికో చోటిచ్చి, పాత ఏళ్ల లెక్కలు కూడా కంచు నుంచి మళ్లీ పైకి నడిపించాను. నిరుటి మొత్తాలు ఎందుకు మారాయని హైదరాబాదు నుంచి ఒకటే ఫోన్లు. అందరికీ చెప్పిందే చెప్పి గొంతు పోయింది. ఆఖరికి బంగారు పొరలో ఆ పల్లె పేరు కనబడింది.

ఫోన్ చేసి చెబితే ఆ పిల్ల, "సల్లగుండు అక్కా" అంది. మేడం పోయి అక్కనయ్యాను. ఆ ఉద్యోగంలో చేరాక నాకు అంత సంతోషం కలిగిన రోజు ఇంకోటి లేదు, దాచుకోవడం ఎందుకు.

సంచులు వెళ్లాయి. పండుగ అయింది. చింతపండు విరగబడి వచ్చింది. రోజూ ఆ సెంటర్ గీత పైకి పోతుంటే నేను పని లేకపోయినా తెరిచి చూసుకునేదాన్ని.

సీజన్ చివర్లో రివ్యూ మీటింగ్ పెట్టారు. మేం ఖమ్మం ఆఫీసులో, పెద్దసారు తెర మీద. ఆయన నేను చేసిన చార్టు తెరిచాడు.

"ఈ పినపాక దగ్గరి సెంటర్ ఏంటి, పండుగ ముందు ఇన్ని రోజులు ఖాళీ! గది కిరాయి, మనిషి జీతం అన్నీ ఇస్తున్నాం. ఇన్నాళ్లూ ఇది మనకు కనబడనే లేదు. మణుగూరు సెంటర్లో కలిపేయండి."

"సార్, పండుగ తర్వాత చూడండి, ఎంత వచ్చిందో. ఆ ఊళ్లో పద్ధతి అది" అన్నాను.

"వచ్చే సరుకు మణుగూరుకైనా వస్తుంది కదమ్మా."

"అంత దూరం మోసుకుని మన దాకా రారు సార్. దారిలోనే షావుకారుకు పోసేస్తారు."

"చూద్దాం. ఏమైనా ఇంత క్లియర్‌గా చూపించారు, వెరీ గుడ్" అన్నాడు. పక్కనున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఒళ్లు మండిపోయింది. అయినా థాంక్యూ సార్ అనే అన్నాను.

చివరికి కలిపేయమనే తేల్చాడు. ఆ కాగితం ఊరికి వెళ్లేలోపు నేనే చెప్పడం మర్యాదని ఆ పిల్లకు ఫోన్ చేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. వెనక ఎవరో ఆడవాళ్లు వాళ్ల భాషలో నవ్వుతూ మాట్లాడుకోవడం వినబడుతోంది. వాళ్లకింకా తెలియదు.

"మొన్న లేమని సంచులియ్యలే. ఇప్పుడు ఉన్నమని తీసేస్తున్రు" అంది నెమ్మదిగా. "మేమెట్లుండాలె అక్కా?"

ఆ సెంటర్ లెక్కలన్నీ మణుగూరు కింద కలిపే కోడ్ అప్పటికే సగం రాసి నా ముందు తెరిచి ఉంది.