మా నాయన తెచ్చిన పడవ మోటారు

ప్రభువునందు నాకు అన్నదమ్ములైన వాళ్లకు, అక్కచెల్లెండ్లకు అందరికీ వందనాలు. నాకు పదిమందిలో నిలబడి మాట్లాడే అలవాటు లేదు, కానీ నోరు మాత్రం పెద్దదని ధర్మవరంలో మా వీధి వీధంతా చెప్తాది, ఆ నోటిని ఈ పొద్దు దేవుని కోసం తెరుస్తాండా, తప్పులుంటే మన్నించండి.

మా ఇంటాయన హిందూపురంలో బస్సులు బాగుచేసే షెడ్డులో ఫిట్టరు పని చేస్తాండె. బస్సు వీధి మలుపు తిరగకముందే సప్పుడు విని దానికి యాడ నొప్పుండాదో చెప్పే మనిషి సహోదరులారా! అట్లాంటి మనిషికి విషజ్వరం వచ్చి పడింది. ఊపిరి ఉంటాదో పోతాదో అన్నంత పనై, ఎట్లనో జ్వరం దిగింది గానీ చేతుల్లో వణుకు మాత్రం దిగలేదు. స్పానరు పట్టుకుంటే జారి కింద పడేది, పడిన ప్రతిసారీ ఆయన మొహం చూడలేకపోయేదాన్ని. ఇంక ఈ చేతులతో ఏం పనిలే అని షెడ్డుకు పోవడం మానేసినాడు, మేము ధర్మవరంలో అత్తగారింటికి వచ్చేస్తిమి. నాకు చిన్నప్పటినుంచి పట్టు చుట్టే పని తెలుసు కాబట్టి మగ్గాల వాళ్లకు కండెలు చుట్టి ఇల్లు నడిపిస్తాంటి. ఆయన మంచమెక్కి గోడతట్టు తిరిగి పండుకున్నాడు, పండుకున్నవాడు పండుకున్నట్టే. పలకరిస్తే మాట లేదు, తిడితే కోపం లేదు. సచ్చిపోయిన మనిషికైతే ఏడ్చి ఊరుకుంటాము, బతికుండి ఇట్ల పోతాండే మనిషికి ఏమి చేయల్ల చెప్పండి?

ఒకనాడు రాట్నం ముందర కూర్చోని నేను దేవునితో కొట్లాడినా, దాచేదేముంది. "ప్రభువా, ఈ మనిషిని నాకిచ్చింది నువ్వే. తీసుకోదలిస్తే తీసుకో, ఇట్ల సగం నా దగ్గర, సగం గోడ దగ్గర పెట్టొద్దు. లేపు తండ్రీ, ఆయన్ని లేపు" అని అడిగినా. మన గుడి అయ్యగారు నేర్పించిన ప్రార్థన మాదిరి లేదది, కానీ నాకు వచ్చిన ప్రార్థన అదే.

అది జరిగిన కొన్నాళ్లకు మా నాయన గోనెసంచిలో ఏదో బరువు మోసుకోని బస్సు దిగినాడు. మా పుట్టినూరు సోమందేపల్లి తట్టు, చెరువు కింద సేద్యం. ఆ యేడు వానలు మొహం చాటేసి, చెరువులో నీళ్లు తూము కన్నా కిందికి దిగిపోయినాయి. నీళ్లైతే కండ్లకు కనపడతాండాయి, తూములోకి ఎక్కవు, పొట్టకొచ్చిన వరి ఎండిపోతాంది. మా నాయన ఉన్న మేకలన్నీ అమ్మి, బెంగుళూరు పోయి, మిలిటరీ వాళ్లు పారేసిన పాత ఇనుము అమ్మే తావులో మోటారొకటి కొన్నాడు. అమ్మేవాడు, ఇది నీళ్లలో పెట్టే మోటారు, వెనక రెక్క తిరిగితే నీళ్లు చిమ్ముతాది అని చెప్పినాడంట. నీళ్లు తోడే మోటారే అనుకోని, చెడిపోయి ఉంటే మా అల్లుడు బాగుచేస్తాడులే అనుకోని తెచ్చేసినాడు. పాపం, పడవంటే శిష్యులెక్కిన పడవ గురించి గుడిలో వినడమే గానీ, మా సీమలో మేము పడవను యాడ చూసినాము!

మా ఇంటాయన తల తిప్పి ఒక్కసారి చూసినాడు. "మామా, అది పడవకు కట్టే మోటారు" అన్నాడు, మళ్లీ గోడతట్టు తిరిగినాడు.

మా నాయన గడప మీద కూలబడి తలగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నాకైతే ఒళ్లు మండిపోయింది. నేను అడిగిందేమి, నువ్వు పంపిందేమి ప్రభువా, మొగుణ్ణి లేపమంటే పడవ మోటారు పంపిస్తివా అని లోపల లోపలే గొణుక్కుంటా పెట్టె తెరిచి, మా ఇంటాయన స్పానర్లన్నీ బయట కుమ్మరించినా. పడవదైతేనేమి, ముందు తిరుగుతాదో లేదో చూద్దాం పా నాయనా అని ఇద్దరమూ కూర్చుంటిమి. మాకేం తెలుసు? చేతికి దొరికింది పట్టుకోని నట్టు తిప్పుతాంటే స్పానరు జారి జారి కరకరమని సప్పుడు. ఆ సప్పుడు ఆయన ఓర్చుకోలేకపోయినాడు! గోడ దిక్కు నుంచే, "ఆ స్పానరు కాదే, నట్టు తలకాయ అరగదీస్తాండావు, దానికన్నా చిన్నది తీసుకో" అని కసిరినాడు. అమ్మలారా, పెండ్లయినప్పటినుంచి ఎన్ని తిట్లు పడినానో గానీ, అంత తియ్యని తిట్టు నేను వినలేదు. కావాలనే ఇంకో రెండు నట్లకు తప్పు స్పానరు పెట్టినా.

అట్ల ఆయన పండుకోనే చెప్పడం, మేము చేయడం మొదలైంది. కొత్త సామాను కొనే దుడ్లు మా దగ్గర యాడివి? బిగుసుకుపోయిన పిస్టను కిరసనాయిల్లో నానబెడితిమి. లోపల నీళ్లు తిప్పే రబ్బరు చక్రం పిండి పిండి అయిపోయుంటే, చెప్పుల అడుగుకు వేసే టైరు ముక్కను అదే ఆకారంలో కోస్తిమి. పాత క్యాలెండరు అట్ట కత్తిరించి, నూనెలో తడిపి మూతల కింద పెడితిమి. హిందూపురం షెడ్డులో ఆయన స్నేహితులు పాత ప్లగ్గొకటి పంపించినారు. అంతా అయినాక నిప్పు పుట్టించే కాయిలు కాలిపోయిందని తెలిసింది. దాన్ని విప్పి మళ్లీ చుట్టల్ల, తల వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగె, పొర మీద పొర. వణికే చేతులకు అయ్యేపని కాదు, మా నాయన మోటు చేతులకు అసలే కాదు. నేను రోజంతా చేసేది అదే పని గదా, ఇట్లియ్యండి అని కాయిలును రాట్నానికి ఎక్కించినా. రేడియోలు బాగుచేసే ఆయన దగ్గర తీగె తెప్పిస్తిమి.

బాగనే చుట్టుకుంటా పోతాంటి, తటుక్కున తీగె తెగింది. పట్టు తెగితే ఏం చేస్తాము? కొసలు నోట్లో తడిపి, కనపడనంత చిన్న ముడి వేసి, మళ్లీ తిప్పుతాము. నేను అదే పని చేసినా, పైగా ముడి ఎంత బాగా వచ్చిందో అని మురిసిపోయినా కూడా.

"రాట్నం ఎందుకు ఆగిందే?" అన్నాడు ఆయన.

తెగింది, ముడేసినా అని చెప్పినా. అంతే! మంచం కిర్రుమన్నది. తీగె మీద వార్నీషు ఉంటాది, అది గీకకుండా ముడేస్తే కరెంటు ఆడనే ఆగిపోతాది, నా పెండ్లామే నా కొంప ముంచుతాది అని అరుచుకుంటా కాళ్లు కింద పెట్టినాడు. గోడ పట్టుకోని, అడుగు మీద అడుగు వేసుకుంటా వచ్చి నా పక్కన కూలబడినాడు. కొసలు గీకబోతే చేతులు వణికిపోతాండాయి. నేను ఆయన మణికట్టు పట్టుకోని నా మోకాలికి గట్టిగా అదిమిపెట్టినా. ఆయన గీకినాడు, మెలిపెట్టినాడు, కాల్చిన కడ్డీతో సీసం చుక్క పెట్టినాడు. ఇద్దరి చేతులూ ఒకే పని చేసినాయి, దేవునికే మహిమ! ఆ తర్వాత ఆయన మంచం దిక్కు పోలేదు, కాయిలు నిండేదాకా పొర పొరకూ మధ్య కాగితం అందిస్తా ఆడనే కూర్చున్నాడు.

అప్పుడే మా నాయన్ని అడిగినాడు, మామా, నీళ్లు తూముకు ఎంత కింద ఉండాయి అని. మా నాయన తొడ దగ్గర చెయ్యి పెట్టి చూపించినాడు. అంతే అయితే పడవ మోటారైనా చాలు, రెక్క నీళ్లను వెనక్కి నెట్టేదే గదా, దాని చుట్టూ గొట్టం పెడితే నీళ్లకు పైకెక్కడం తప్ప వేరే దారి ఉండదు అన్నాడు. రోడ్డు పక్కన పడేసిన తారు డ్రమ్ములు కోయించి, కమ్మరితో గొట్టం చేయిస్తిమి.

మోటారు, గొట్టం బస్సుకేసుకోని ముగ్గురమూ మా పుట్టినూరికి పోతే, చెరువు దగ్గరికి ఊరంతా వచ్చింది. ఏమప్పా, మోటారు తెచ్చినావు సరే, పడవ యాడ అని ఎగతాళి చేసినవాళ్లే ఎక్కువ. మోటారును తిప్పి లేపే తాడు నేను లాగుతా అని మా నాయన అంటే మా ఇంటాయన ఇయ్యలేదు. మొదటిసారి తాడు వేళ్లలోనుంచి జారిపోయింది. మళ్లీ లాగినాడు, మళ్లీ జారింది. జనం నవ్వినారు, ఆయన మొహం మళ్లీ ఆ గోడ దగ్గరి మొహం మాదిరి అయిపోతా వచ్చింది. ఉరికిపోయి నా కొంగు చింపి, తాడు కొసను ఆయన అరచేతికి చుట్టి కట్టినా. "ప్రభువా, వరి పోతే పోనీ. ఈ మనిషిని మళ్లీ పండుకోనియ్యొద్దు" అని అందరూ వినేటట్లే ప్రార్థన చేసినా. ఆయన ఒళ్లంతా వెనక్కి వేసి లాగినాడు. మోటారు దగ్గింది, పొగ కక్కింది, ఆ తర్వాత ఒకటే అరుపు! గొట్టంలోనుంచి బురదనీళ్లు గుబగుబమని ఎక్కి తూములో పడినాయి. మా నాయన పార భుజానేసుకోని, కాలువ గట్టున నీళ్లకన్నా ముందు పరిగెత్తినాడు.

అందరూ నీళ్లను చూస్తాండారు, నేను ఆయన్ని చూస్తాండా. బురదలో కూర్చున్నాడు, చెమటలు కారతాండాయి, నా దిక్కు తిరిగి, "ఏమే, ఆకలైతాంది. సంగటుంటే పెట్టు" అన్నాడు.

జ్వరం వచ్చినప్పటినుంచి ఆ మనిషి నోరు తెరిచి నన్ను అన్నం అడిగింది లేదు సహోదరులారా. ఊర్లోవాళ్లు నీళ్లను చూసి కేకలు వేస్తాంటే, నేను చెరువు గట్టున కూర్చోని సంగటి ముద్ద చేతిలో పెట్టుకోని ఏడ్చినా.

ఆయన చేతులు ఇప్పటికీ వణుకుతాండాయి, దేవుడు అది తీసేయలేదు, అబద్ధం చెప్పను. చివరి మళ్లు కొన్ని ఎండిపోయినాయి, మిగిలిన వరి ఇంటికొచ్చింది. ఇప్పుడు చుట్టుపక్కల పల్లెల్లో బావుల మీదుండే ఆయిలు ఇంజన్లు మేమే బాగుచేస్తాము, ఆయన సప్పుడు విని చెప్తాడు, నేను స్పానరు తిప్పుతా. మీ ఇండ్లల్లో కూడా గోడతట్టు తిరిగి పండుకున్నవాళ్లు ఉంటే, వాళ్ల కోసం అడగడం మానొద్దండి. మంచి మాటలు రాకపోతే కొట్లాడైనా అడగండి, ఆయన మన తండ్రి, ఏమీ అనుకోడు. నేను అడిగింది ఒకటి, నా కండ్లకు ఆయన పంపించినట్టు కనపడింది ఇంకొకటి, అయినా ఈ పొద్దు పొద్దున్నే నన్ను లేపి, పొయ్యి ముట్టించే లోపలే ఏముండాది తినడానికి అని గోల చేసిన మనిషి అదిగో ఆ తట్టు చాప మీద మీ మధ్యనే కూర్చోనుండాడు. ఆయన్ని లేపిన దేవునికి స్తోత్రం. ఆమెన్.