గేటు రాతి మీద లేని పేరు

క్లబ్బు గేటు రాతి మీద మేస్త్రీ ఓబులేసు పేరు లేదు. ఆ మైదానం ఆయన సృష్టి. రాతి మీద ఉన్న పేరు మద్రాసు నుంచి వచ్చి మూడు రోజులుండి వెళ్ళిపోయిన మహానుభావుడిది. దాన్ని నేను మళ్ళీ ఇక్కడ రాసి గౌరవించను.

ఓబులేసు పరమపదించి ఇరవై రోజులైంది. కల్లూరు దారిలో ఎదురైన ఆయన అల్లుడు "మామ పోయినాడప్పా" అని చెప్పాడు. నలభై ఏళ్ళ స్నేహం మాది. ఆయన చెరువుగట్లు వేయించే మేస్త్రీ. నేను సర్వేవాళ్ళ కొలత గొలుసు పట్టినవాణ్ణి, మైలురాళ్ళ మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ణి.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో పెద్దలకు గోల్ఫు కావలసి వచ్చింది. బంతిని కర్రతో కొట్టి దూరాన ఉన్న గుంతలో వేసే ఆట. మద్రాసు నుంచి వచ్చిన ఆ ప్రఖ్యాత రూపశిల్పి గొడుగు నీడన కుర్చీలో కూర్చుని కాగితం మీద తొమ్మిది గుంతలు గీశాడు. ఐదోది సరిగ్గా వంకలో, వానొస్తేనే పారే వాగులో, పడింది. ఓబులేసు క్లబ్బు కార్యదర్శితో, "సార్, ఈడ వంక పారతాది" అన్నాడు.

"ఏమప్పా, వంక యాడుండాది? నాకు ఇసకే కనిపిస్తాంది!"

"ఎండాకాలం పిలిచినా రాదు సార్. వానొస్తే పిలవకున్నా వస్తాది."

అందరూ నవ్వారు. కాగితం ప్రకారమే తవ్వారు. తొలి వానకే ఐదోదానితో సహా నాలుగు గుంతలు హంద్రి నదిలో కలిశాయి.

అప్పుడు పిలిచారు ఓబులేసును! ఆయన కాగితం ముట్టలేదు. తలమీద గోనెసంచి కప్పుకుని జడివానలో నీటి వెంట నడిచాడు. నీరు మళ్ళిన ప్రతిచోటా కందికట్టె పాతాడు. తెరిపి ఇచ్చాక ఆ కట్టెలకు ఎడంగా, మెరకన, తొమ్మిది గుంతలూ కొత్తగా పెట్టించాడు. "నీళ్ళు పోవాలనుకున్న తావున మనం నిలబడగూడదు, అంతే" అనేవాడు. ఆ తరువాత ప్రతి వానకూ ఎవరూ పిలవకుండానే పోయి, కాలువల్లో పూడిక తీసి వచ్చేవాడు. ఆయన ఉన్నన్నాళ్ళు ఒక్క గుంతా చెదరలేదు. ఇది పాండిత్యం కాకపోతే పాండిత్యమంటే ఏమిటో ఆ పెద్దలే సెలవివ్వాలి.

ఆట మాత్రం ఆయనకు తలకెక్కలేదు. "గుంత తవ్వితే నీళ్ళన్నా పడాల, చెట్టన్నా నాటాల. ఈళ్ళు బంతి ఏస్తారు, మళ్ళా తీస్తారు! శానా తీరికున్నోళ్ళప్పా."

కొత్త గుంతలు సిద్ధమయ్యాక జరిగిన ప్రారంభోత్సవం నాడు మద్రాసు ఆయన మెడలో గజమాల. ఓబులేసు తీగకంచె బయట. జనం పోయాక నన్ను రాతి దగ్గరికి తీసుకుపోయాడు.

"చదువప్పా."

చదివాను.

"నా పేరు యాడన్నా ఉండాదా?"

"లేదు."

"యెనకల?"

వెనక్కి పోయి చూశాను. ఒట్టి రాయి. ఆయన భుజం మీది తుండుతో ఆ అక్షరాల దుమ్ము తుడిచి, "పదప్పా" అన్నాడు. మళ్ళీ ఆ ఊసే ఎత్తలేదు. "యెనకల" అన్న ఆ ఒక్క మాట ఇప్పటికీ నా గుండెలో నిప్పుకణమై ఉంది.

ఆయన పోయిన కబురు విన్న మర్నాడే క్లబ్బుకు ఉత్తరం రాశాను: రాతి మీద ఒక్క వరుస చెక్కించండి, ఉలిపనివాణ్ణి నేనే తెస్తాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. నేల మనసు ఎరిగిన అటువంటి మనిషి ఈ సీమకు మళ్ళీ దొరకడు. రాయి ఇవ్వనన్న గౌరవం ఈ కాగితమైనా ఇవ్వాలి: ఆ మైదానం కట్టినవాడు మేస్త్రీ ఓబులేసు. ఆయనకు నా సాష్టాంగ నమస్కారం.

ఇంతవరకూ రాసి ఉంచాక, నిన్న క్లబ్బు నుంచి జవాబు వచ్చింది. ఇంగ్లీషు ఉత్తరాన్ని నిఘంటువు దగ్గర పెట్టుకుని నేనే తెలుగు చేశాను:

"అయ్యా, తాము పేర్కొన్న వ్యక్తి క్లబ్బు సభ్యుడు గాని, రూపశిల్పి గాని కానందున తమ విన్నపమును పరిశీలించుటకు వీలులేదు. మొన్నటి వానకు ఐదవ గుంత కొట్టుకొనిపోయినది. అతని పని తెలిసినవారు ఎవరైనా ఉన్నచో వెంటనే పంపగలరు."