నాన్నను పిప్పి పనికి మార్చింది నేనే

చోడవరం నుంచి వడ్డాది వెళ్లే దారిలో మా బెల్లం పొయ్యి. పాకం పదును చెప్పడంలో మా నాన్న మాటకు తిరుగులేదు. మరిగే పాకంలోంచి చుక్క తీసి నాలుక మీద వేసుకుని, పెనం దించాలో ఆగాలో చెప్పేసేవాడు. నాకు ఆ నాలుకతోనే పేచీ. షుగరున్న మనిషి పొద్దస్తమానం తీపి చప్పరిస్తుంటే ఒళ్లు మండిపోయేది.

పోయిన సీజన్లో నా పంతం నెగ్గింది. పెనం దగ్గర బాబాయిని నిలబెట్టి, నాన్నను పిప్పి పనికి మార్చాను. రసం తీసేశాక మిగిలిన చెరకు పిప్పిని తిరగేసి ఎండబెట్టడం, పొయ్యిలోకి అందించడం. వానకు తడిసిన పాత కుప్ప అడుగున నల్లగా బూజు పట్టి ఉండేది. కదిపినప్పుడల్లా దుమ్ము లేచి నాన్న ముఖాన్ని కమ్మేసేది. చూస్తూనే ఉన్నాను. ఆ దుమ్ములో తీపి లేదు కదా, అదే చాలనుకున్నాను.

"బెల్లమే ముట్టుకోనప్పుడు ఇంక మాత్రలెందుకురా?" అన్నాడొకరోజు. మానేశాడని తెలిసీ ఊరుకున్నాను. గెలిచినవాడి పొగరు నాది.

నెల తిరక్కుండానే దగ్గు మొదలైంది. పొగ వల్లే అన్నాం. తర్వాత జ్వరం, కళ్లెలో రక్తపు జీర. టీబీ అని హడలిపోయాం. పరీక్షలో టీబీ లేదని తేలిన రోజు కోడిని కోసుకు తిన్నాం. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

విశాఖలో స్కాన్ చూసిన డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. ఊపిరితిత్తిలో ఫంగస్ పెరుగుతోందట. అరుదైన జబ్బేగానీ, షుగర్ అదుపు తప్పినవాళ్లను వదలదట. నాన్న ఏం పని చేస్తారని అడిగితే చెప్పాను.

"బూజు పట్టిన పిప్పా?" అంది. "అక్కడే పట్టుకుందని గట్టిగా చెప్పలేను. పట్టుకోవచ్చు." చెడిన భాగం కోసి తీసేయాలంది. బతుకుతాడని మాత్రం అనలేదు.

ఆపరేషన్‌కి తీసుకెళ్లేముందు నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. ఊపిరి అందక మాట తెగిపోతోంది.

"నువ్వు సెప్పినట్టు పాకం మానేసేను కాబట్టి ఇన్నాళ్లు బతికేనురా బాబూ. లేపోతే షుగరు నన్నెప్పుడో తినేసేది."

"ఔను నాన్నా," అన్నాను.

ఆయన మళ్లీ కళ్లు తెరవలేదు.